ఇంట ఓడి రచ్చ గెలిచారు!

ఇంట గెలిచి రచ్చ గెలవమని మన పెద్దలు ఎన్నిసార్లు చెప్పి ఉంటారో! రాజకీయాల్లో మాత్రం ఈ సామెతను తలకిందులు చేసినవాళ్లు కోకొల్లలు. దేశం జేజేలు కొడుతుంటే సొంత రాష్ట్రం మొహం తిప్పుకుంది. కొందరికైతే సొంత జిల్లా, సొంత ఊరు కూడా! ఎవరు, ఎక్కడ, ఎన్ని ఓట్లతో? రండి, చూద్దాం. కాలక్రమమంటూ ఏమీ లేదు!

● 1984 లోక్‌సభ ఎన్నికల్లో కాంగ్రెస్‌కు 400కు పైగా సీట్లు వస్తే భారతీయ జనతా పార్టీకి వచ్చినవి రెండంటే రెండు! ఆ రెండింట్లో ఒకటి మన హనుమకొండ. మరి అక్కడ ఓడిందెవరో తెలుసా? సాక్షాత్తూ పి.వి. నరసింహారావు! 1977లో, 1980లో తనను లోక్‌సభకు పంపిన సొంతగడ్డే ఆసారి చందుపట్ల జంగారెడ్డిని 54 వేల పైచిలుకు ఓట్ల తేడాతో గెలిపించింది. దేశమంతా ఇందిరాగాంధీ హత్య తాలూకు సానుభూతి వీస్తుంటే మన రాష్ట్రంలో ఎన్టీఆర్ గాలి వీచింది మరి.

● అయినా పీవీ లోక్‌సభకు వెళ్లారు! అదే ఎన్నికల్లో మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి కూడా నిలబడి గెలిచారు, 1989లోనూ అక్కడే గెలిచారు. మరాఠీ నవలనే తెలుగులోకి తెచ్చినంత పట్టున్న మనిషి కాబట్టి అక్కడి జనంతో వాళ్ల భాషలోనే మాట్లాడగలిగారు.

● 1991లో ప్రధాని అయ్యాక ఆయన నంద్యాల ఉప ఎన్నికలో నిలబడ్డారు. మెజారిటీ ఎంతో ఊహించండి. లక్షా? రెండు లక్షలా? ఏకంగా 5 లక్షల 80 వేలు! హనుమకొండలో ఓడిన తేడాకు పది రెట్ల పైమాటే. తెలుగువాడు ప్రధాని అయ్యాడని తెలుగుదేశం అభ్యర్థినే నిలబెట్టలేదు.

● అమెరికాలో ఒక పెద్దమనిషి సొంత రాష్ట్రంలో గెలిచి ఉంటే చాలు, దేశాధ్యక్షుడు అయిపోయేవాడు! ఆయనే ఆల్ గోర్. 2000 ఎన్నికల్లో బుష్‌కు 271 ఎలక్టోరల్ ఓట్లు, గోర్‌కు 266. గోర్ సొంత రాష్ట్రం టెనెసీకి ఉన్నవి 11. అవి ఆయన ఖాతాలో పడి ఉంటే ఫలితం 277, కథ కంచికి! అందరూ ఫ్లోరిడాలోని 537 ఓట్ల తేడా గురించే చెప్పుకుంటారు గానీ, టెనెసీ గెలిచి ఉంటే ఆ ఫ్లోరిడా లెక్కింపుతో పనే ఉండేది కాదు.

● ఇంకా విచిత్రం వినండి: గోర్ తన ప్రచార కార్యాలయాన్ని రాజధాని వాషింగ్టన్ నుంచి ఎత్తించి టెనెసీలోని నాష్‌విల్‌కే తెచ్చారు! తండ్రి అదే రాష్ట్రానికి మూడుసార్లు సెనేటర్, తాను ఎనిమిదేళ్లు దిగువ సభలో, మరో ఎనిమిదేళ్లు సెనేట్‌లో. అయినా ఓటమే. తుపాకుల నియంత్రణ, పర్యావరణం లాంటి విషయాల్లో ఆయన ఒక దారి పట్టారు, టెనెసీ మరో దారి పట్టింది. నాకు ఈ లెక్కలన్నిటిలోకీ ఎక్కువ ఆశ్చర్యం కలిగించేది ఇదే.

● టెనెసీకి ఇది కొత్త కాదు! 1844లో అధ్యక్షుడైన జేమ్స్ పోక్ కూడా ఆ రాష్ట్రంవాడే, ఆయన కూడా అక్కడ ఓడిపోయాడు. తేడా ఎంతో తెలుసా? 150 ఓట్ల లోపే! అంతకుముందు గవర్నర్ పదవికి 1841లో, 1843లో వరుసగా రెండుసార్లు ఆయన్ను ఓడించిన రాష్ట్రం అది, కాబట్టి పట్టు వదల్లేదన్నమాట. పుట్టిన నార్త్ కరోలినా కూడా ఆయనకు దక్కలేదు.

● పందొమ్మిదంటే పందొమ్మిది ఓట్లు! 1952లో మొరార్జీ దేశాయ్ తన సొంత ప్రాంతం బల్సార్‌లో శాసనసభకు నిలబడి 19 ఓట్లతో ఓడారు. మరి ముఖ్యమంత్రి పదవి? అది మాత్రం ఆయనకే వచ్చింది! బొంబాయి రాష్ట్రంలో కాంగ్రెస్ గెలిచింది, పార్టీకి ఆయనే కావాల్సి వచ్చారు, తర్వాత ఉప ఎన్నికలో గెలిచి సభలో కూర్చున్నారు.

● ఇద్దరు ప్రధానులను గద్దెనెక్కించిన కామరాజ్‌ను ఓడించింది ఎవరు? 28 ఏళ్ల విద్యార్థి నాయకుడు! 1967లో, కామరాజ్ పుట్టి పెరిగిన విరుదునగర్‌లోనే, 1,285 ఓట్ల తేడాతో. శాస్త్రినీ ఇందిరనూ ప్రధానులను చేసిన కాంగ్రెస్ అధ్యక్షుడు తన ఊళ్లో శాసనసభ సీటు నిలుపుకోలేకపోయాడు! 1965 నాటి హిందీ వ్యతిరేక ఉద్యమం వేడి, బియ్యం కరువు, రెండూ కలిసి కాంగ్రెస్‌ను తమిళనాట ఊడ్చేశాయి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, బడి పిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టించిన మనిషికి కూడా అది తప్పలేదు. నాకైతే ఇప్పటికీ మనసు ఒప్పుకోదు.

● రెండేళ్లకే, 1969లో, ఆయన నాగర్‌కోయిల్ ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభలో అడుగుపెట్టారు. సొంత ఊరు కాదన్న మనిషిని పక్క జిల్లాలు దాటి వెళ్తే ఆదరించారు!

● సొంత రాష్ట్రంలో సున్నా, మన రాష్ట్రంలో 41! ఇది 1977లో ఇందిరాగాంధీ కాంగ్రెస్ లెక్క. ఆమె సొంత రాష్ట్రం ఉత్తరప్రదేశ్‌లో ఉన్న 85 లోక్‌సభ సీట్లలో ఒక్కటంటే ఒక్కటీ రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లోనేమో 42కు 41! అత్యవసర పరిస్థితి రోజుల్లో బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల వంటి దెబ్బలు ఉత్తరాదికి ఎక్కువగా తగిలాయి, దక్షిణాదికి అంతగా తగల్లేదు.

● మరి ఆ 42వ సీటు ఎవరిది? చెప్పుకోండి చూద్దాం! నంద్యాల, నీలం సంజీవరెడ్డిది. రాష్ట్రం మొత్తమ్మీద జనతా పార్టీకి గెలిచిన ఏకైక మనిషి ఆయనే, అదే సంవత్సరం పోటీయే లేకుండా రాష్ట్రపతి కూడా అయ్యారు!

● ఈ సంజీవరెడ్డిగారిని 1952లో సొంత అనంతపురంలో ఓడించింది ఎవరో కాదు, స్వయానా బావమరిది! ఆయనే కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి. ఇంట్లోవాళ్లే ఎదురు నిలబడితే ఊరు రెండుగా చీలక తప్పదు కదా. నాలుగేళ్లు తిరిగేసరికి మాత్రం సంజీవరెడ్డి ఆంధ్రప్రదేశ్‌కు తొలి ముఖ్యమంత్రి.

● రెండు అంకెలు చూడండి: 55,202, 55,120. మొదటిది 1977లో రాయ్‌బరేలీలో ఇందిరాగాంధీ ఓడిన తేడా. రెండోది 2019లో అమేఠీలో ఆమె మనవడు రాహుల్ గాంధీ ఓడిన తేడా. 42 ఏళ్ల దూరం, 82 ఓట్ల తేడా! అయినా ఇద్దరినీ లోక్‌సభలో కూర్చోబెట్టింది దక్షిణాదే: నానమ్మకు చిక్కమగళూరు, ఆ తర్వాత మన మెదక్, మనవడికి వయనాడ్. 1980లో ఇందిర రాయ్‌బరేలీలోనూ గెలిచారు, అయినా దాన్ని వదులుకుని మెదక్‌నే ఉంచుకున్నారు!

● న్యూయార్క్ 2016లో ఇద్దరు సొంతవాళ్లలో ఒకరిని ఎంచుకోవాల్సి వచ్చింది! ట్రంప్ అక్కడే పుట్టి పెరిగారు, హిల్లరీ క్లింటన్ అక్కడి మాజీ సెనేటర్. ట్రంప్ 22 శాతానికి పైగా తేడాతో ఓడిపోయారు, దేశాధ్యక్షుడు మాత్రం ఆయనే అయ్యారు. తన పేరు పెట్టుకున్న ఆకాశహర్మ్యం ఉన్న మాన్‌హట్టన్‌లో ఆయనకు పడినవి నూటికి 10 కూడా లేవు! పెద్ద నగరాల ఓటు చాలాకాలంగా డెమోక్రాట్లదే.

● 2019లో ట్రంప్ తన నివాసాన్నే ఫ్లోరిడాకు మార్చుకున్నారు. 2020లో కొత్త ఇల్లు గెలిచింది, దేశం ఓడించింది! 2024లో రెండూ గెలిచారు.

● మిట్ రోమ్నీకి 2012లో ఎన్ని రాష్ట్రాలు సొంతమో లెక్కపెట్టండి. పుట్టింది మిషిగన్, అక్కడ తండ్రి గవర్నర్. తాను గవర్నర్‌గా చేసింది మసాచుసెట్స్. సరస్సు ఒడ్డున వేసవి ఇల్లు న్యూహాంప్‌షైర్. సముద్రం ఒడ్డున మరో ఇల్లు కాలిఫోర్నియా. నాలుగు రాష్ట్రాలూ ఓడించాయి! మసాచుసెట్స్‌లో తేడా అయితే 23 శాతం. గవర్నర్‌గా మధ్యేమార్గంలో నడిచిన మనిషి దేశం కోసం కుడివైపు జరిగితే, పాత ఓటర్లు వెంట రాలేదు. ఆయన్ను ఆ తర్వాత సెనేట్‌కు పంపింది ఐదో రాష్ట్రం యూటా, 2018లో!

● నాలుగుసార్లు దేశం గెలిచి నాలుగుసార్లూ సొంత కౌంటీలో ఓడిన అధ్యక్షుడు ఎవరు? ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్! 1936లో ఆయనకు 48 రాష్ట్రాల్లో 46 దక్కాయి, ఇల్లున్న డచెస్ కౌంటీ మాత్రం దక్కలేదు. తరాల నుంచి రిపబ్లికన్ పార్టీని నమ్ముకున్న పల్లెసీమ అది, ఇరుగుపొరుగు పెద్దాయన ప్రపంచ నాయకుడైనా సరే పార్టీ మారలేదు.

● అబ్రహాం లింకన్ పుట్టిన రాష్ట్రం కెంటకీ. 1860లో అక్కడ పోలైన దాదాపు లక్షా 46 వేల ఓట్లలో ఆయనకు పడినవెన్నో తెలుసా? 1,364! నూటికి ఒక్కటి కూడా కాదు. బానిసత్వం ఉన్న రాష్ట్రం అది, బానిసత్వం విస్తరించకూడదనే పార్టీ ఆయనది.

● అంతేనా? ఆయన కాపురమున్న శాంగమన్ కౌంటీ కూడా 1860లో, మళ్లీ 1864లో ఆయన్ను కాదంది! ఆ రోజుల్లో ఓటు కాగితాలు ప్రభుత్వం అచ్చువేసేది కాదు, ఏ పార్టీ కాగితం ఆ పార్టీ అచ్చువేసి పంచేది. లింకన్ పోలింగుకు వెళ్లి, తన పార్టీ కాగితం పైభాగంలో తన తరఫు ఎలక్టర్ల పేర్లున్న ముక్కను కత్తిరించేసి, మిగతా కాగితాన్ని పెట్టెలో వేశాడు. తనకు తాను ఓటు వేసుకోవడం మర్యాద కాదని! కౌంటీలో ఓడిన మనిషి ఆ ఒక్క ఓటూ వదులుకున్నాడు చూశారా?

● వుడ్రో విల్సన్ న్యూజెర్సీకి గవర్నర్‌గా చేసి అక్కడి నుంచే అధ్యక్ష పదవికి ఎదిగాడు. 1916లో అదే న్యూజెర్సీ ఓడించింది, దేశం 277-254తో గెలిపించింది! 1912లో రిపబ్లికన్ ఓట్లు టాఫ్ట్, థియొడోర్ రూజ్‌వెల్ట్‌ల మధ్య చీలి ఆయనకు కలిసొచ్చాయి, 1916లో అవి మళ్లీ ఒక్కటయ్యాయి.

● ఇంటా రచ్చా రెండూ ఓడినవాళ్లూ ఉన్నారు! ఇలినాయ్ గవర్నర్ అడ్లాయ్ స్టీవెన్సన్ 1952 అధ్యక్ష ఎన్నికలో సొంత ఇలినాయ్‌లోనూ ఓడారు. 1956లో? మళ్లీ ఓడారు! 1972లో జార్జ్ మెక్‌గవర్న్ సొంత సౌత్ డకోటాలో కూడా ఓడారు. ఎదుటివాడికి గాలి వీస్తే ఏ ఇంటి తలుపూ ఆగదు.

● నాలుగేళ్లలో 60 నుంచి 15కు! న్యూజెర్సీ గవర్నర్ క్రిస్ క్రిస్టీ 2013లో నూటికి 60 ఓట్లతో గెలిచారు, 2017లో ఒక సర్వేలో ఆయన పనితీరు బాగుందన్నవాళ్లు నూటికి 15 మంది! ఆ వేసవిలో బడ్జెట్ తగాదాతో రాష్ట్ర కార్యాలయాలు మూతపడ్డాయి, జనానికి సముద్రతీర ఉద్యానవనమూ మూసేశారు. ఆ ఖాళీ ఇసుకలో గవర్నర్ కుటుంబం ఒక్కటే కుర్చీలు వేసుకుని కూర్చుంది, ఒక పత్రిక విమానంలోంచి ఫొటో తీసింది. దేశానికి అది ఒక రోజు వార్త, సెలవు రోజున పిల్లలతో వెళ్లి గేటు దగ్గర నుంచి వెనక్కి తిరిగిన న్యూజెర్సీవాళ్లకు మాత్రం అది సొంత గొడవ. దూరంవాళ్లకు ఉపన్యాసం వినిపిస్తుంది, ఇంటివాళ్ల దగ్గర పాత పద్దుల పుస్తకం ఉంటుంది!

● 67లో 66 పోయాయి, మిగిలింది ఒక్కటి! 2016లో రిపబ్లికన్ అభ్యర్థిత్వం కోసం ఫ్లోరిడా సెనేటర్ మార్కో రూబియో సొంత రాష్ట్రంలో పోటీపడితే 67 కౌంటీల్లో 66 ట్రంప్‌కు వెళ్లాయి. సొంత కౌంటీ మయామీ డేడ్ ఒక్కటే చేయి వదల్లేదు, ఆ రాత్రే ఆయన పోటీ నుంచి తప్పుకున్నారు.

● 2020లో ఎలిజబెత్ వారెన్ సొంత మసాచుసెట్స్‌లో మూడో స్థానం! 2024లో నిక్కీ హేలీ, తాను గవర్నర్‌గా చేసిన సౌత్ కరోలినాలో ట్రంప్ చేతిలో 20 శాతం తేడాతో ఓటమి!

● రాజ్యాంగం రాయడానికి ముందుండి నడిపిన అంబేడ్కర్ 1946లో రాజ్యాంగ సభకు ఎక్కడి నుంచి వెళ్లారో తెలుసా? సొంత బొంబాయి నుంచి కాదు, బెంగాల్ నుంచి! బొంబాయిలో తలుపులు మూసుకుపోతే జోగేంద్రనాథ్ మండల్ వంటివారు బెంగాల్లో చోటు చూపించారు. 1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో బొంబాయి ఆయన్ను ఓడించింది, 1954లో భండారా ఉప ఎన్నికా అంతే. అంత పెద్దమనిషిని లోక్‌సభలో ఒక్కసారైనా చూసుకోలేకపోయిన లోటు ఈ దేశానిదే.

● గ్వాలియర్‌లో పుట్టిన వాజ్‌పేయి 1984లో ఆ గ్వాలియర్‌లోనే దాదాపు లక్షా 75 వేల ఓట్లతో ఓడారు! ఎదురు నిలబడింది ఆ ఊరి రాజకుటుంబం వారసుడు మాధవరావ్ సింధియా, అదీ చివరి నిమిషంలో నామినేషన్ వేసి. వాజ్‌పేయిని తర్వాత వరుసగా ఐదుసార్లు గెలిపించింది లక్నో. ఆ లక్నో కూడా అంతకుముందు 1957లో, 1962లో ఆయన్ను ఓడించిందే సుమా!

● పదేళ్లు ప్రధాని, లోక్‌సభ ఎన్నికలో ఒక్క గెలుపూ లేదు! మన్మోహన్ సింగ్ ఒకే ఒక్కసారి, 1999లో, దక్షిణ ఢిల్లీలో నిలబడి ఓడారు. ఉండేది ఢిల్లీలో, ఓటు గౌహతిలో: 1991 నుంచి 2019 దాకా ఆయన్ను రాజ్యసభకు పంపింది అస్సాం.

● ప్రధాని పదవి దిగిన రెండేళ్లకే, 1999లో, దేవెగౌడను సొంత హాసన్ ఓడించింది!

● కేరళలో 1996లో కమ్యూనిస్టుల కూటమి గెలిచింది, ముఖ్యమంత్రి అవుతారనుకున్న వి.ఎస్. అచ్యుతానందన్ మాత్రం సొంత అలప్పుళ జిల్లాలోని మారారికుళంలో 1,965 ఓట్లతో ఓడారు. 2017లో హిమాచల్‌లో అచ్చంగా అదే కథ: భారతీయ జనతా పార్టీకి 68లో 44 సీట్లు, ముఖ్యమంత్రి అభ్యర్థి ధూమల్‌కు 1,919 ఓట్లతో ఓటమి! తేడాల్లో తేడా 46 ఓట్లే. రాష్ట్రమంతా తిరిగే నాయకుడికి సొంత సీటులో తిరగడానికి పొద్దు చాలదు.

● చంద్రబాబు నాయుడి సొంతూరు నారావారిపల్లె చంద్రగిరి నియోజకవర్గంలో ఉంది. అక్కడ 1999 నుంచి 2019 దాకా వరుసగా ఐదు ఎన్నికల్లో తెలుగుదేశం గెలవలేదు! కుప్పం మాత్రం 1989 నుంచి ఆయన్ను ఎనిమిదిసార్లు గెలిపించింది. మరో తమాషా: 1983లో ఆయన చంద్రగిరిలో ఓడింది కాంగ్రెస్ అభ్యర్థిగా, గెలిచింది మామగారి తెలుగుదేశం!

● చిరంజీవిది మొగల్తూరు. 2009లో అదే పశ్చిమ గోదావరి జిల్లాలోని పాలకొల్లులో ఓడారు, దూరాన ఉన్న తిరుపతిలో గెలిచారు! అభిమానుల కేరింతలన్నీ ఓట్లుగా మారవు, అందులోనూ సొంత జిల్లాలో కులాల, ఊళ్ల లెక్కలు మరీ దగ్గరగా ఉంటాయి.

● ఇద్దరు నోబెల్ శాంతి బహుమతి గ్రహీతలు, ఇద్దరు మాజీ దేశాధినేతలు, ఇద్దరికీ ఏడో స్థానం! 1996 రష్యా అధ్యక్ష ఎన్నికలో గోర్బచేవ్‌కు వచ్చింది అర శాతం, 2000లో పోలెండ్‌లో లేహ్ వాలెన్సాకు ఒక శాతం. బయటి ప్రపంచం చూసింది కూలిన గోడలను, ఇంట్లోవాళ్లు చూసింది ఖాళీ దుకాణాలనూ పోయిన ఉద్యోగాలనూ.

● ఆస్ట్రేలియా ప్రధాని జాన్ హోవార్డ్ 33 ఏళ్లు చేతిలో ఉన్న సొంత సీటును 2007లో ఒక మాజీ టీవీ జర్నలిస్టుకు పోగొట్టుకున్నారు. ప్రధానిగా ఉంటూ సీటు పోగొట్టుకోవడం ఆ దేశంలో 1929 తర్వాత మళ్లీ అప్పుడే!

● అమెరికాలోని 50 రాష్ట్రాల్లోనూ ఓడిన మనిషి ఉన్నాడంటే నమ్ముతారా? వాల్టర్ మాండేల్! 1984 అధ్యక్ష ఎన్నికలో 49 రాష్ట్రాలు పోయి సొంత మిన్నెసోటా ఒక్కటే, అదీ 3,761 ఓట్లతో మిగిలింది. పద్దెనిమిదేళ్ల తర్వాత, 2002లో, విమాన ప్రమాదంలో మరణించిన సెనేటర్ స్థానంలో పార్టీ కోరిక మీద నిలబడితే మిన్నెసోటా కూడా ఓడించింది. ఆ దుర్ఘటన జరిగింది పోలింగుకు సరిగ్గా 11 రోజుల ముందు, ప్రచారానికి వ్యవధే లేదు.

● కెనడా ప్రతిపక్ష నాయకుడు పియెర్ పొలియెవ్ 2004 నుంచి గెలుస్తూ వచ్చిన ఒట్టావా సీటును 2025లో పోగొట్టుకున్నారు. ఆ సీటుకు పోటీ చేసింది 91 మంది, ఓటు కాగితం మీటరు పొడవు! ఎన్నికల పద్ధతి మార్చాలంటూ ఒక బృందం నిరసనగా అంతమందిని దింపింది. నాలుగు నెలలకు ఆయన, తాను పుట్టిన అల్బర్టా రాష్ట్రానికి వెళ్లి ఉప ఎన్నికలో నిలబడ్డారు. ఈసారి అభ్యర్థులు ఎంతమందో చెప్పుకోండి? 214! అన్ని పేర్లు కాగితం మీద పట్టవని ఖాళీ గడి ఉన్న ఓటు కాగితాలిచ్చి, పేరు ఓటర్లనే చేత్తో రాయమన్నారు. అల్బర్టావాళ్లు పొలియెవ్ పేరే రాశారు, నూటికి 80 మంది!